కూత పెట్టినవాడికి కుదరని అబద్ధం

వెలిగొండలకు తూర్పున, కలువాయి నుంచి ఆత్మకూరు, ఉదయగిరి దాకా పరుచుకున్న మెట్ట పల్లెల్లో పోటీల కరపత్రాల మీద కబడ్డీ అని అచ్చువేసినా పాతవాళ్ల నోట అది చెడుగుడే. కోత అయిపోయిన చేను, మడమతో గీసిన నడిమి గీత, రెండు వైపులా సరిసమానంగా పంచుకున్న మనుషులు ఉంటే చాలు, ఆట మొదలు. గీత దాటి అవతలి బరిలోకి వెళ్లినవాడు చెడుగుడు చెడుగుడు అంటూ ఒకే ఊపిరిన కూత పెట్టాలి. ఎవరినైనా తాకి, కూత తెగకుండా గీతకు తిరిగొస్తే తాకించుకున్నవాడు చచ్చినట్టు. పట్టుబడి కూత తెగితే తానే చచ్చినట్టు. ఆటగాడి ఒంట్లో ఎంత సత్తువ మిగిలిందో బరిలో ఉన్నవాళ్లకూ గట్టు మీద కూర్చున్నవాళ్లకూ చెవులతోనే తెలిసిపోయే ఆట ఇది. ఊపిరి అయిపోయినవాడు ఉన్నట్టు నటించలేడు. ఉండి కూడా లేనట్టు నటిస్తే నష్టం తనకే. ఇవాళ ప్రపంచంలోని చాలా ఆటలను ఒక దురలవాటు పట్టి పీడిస్తోంది. దెబ్బ తగలకుండానే తగిలినట్టు కూలబడి, ఎదుటి జట్టు జోరుకు అడ్డుకట్ట వేయడం. అందులో తప్పు సరిగ్గా ఎక్కడుందో తేల్చుకోవడానికి చెడుగుడు నడిచి వచ్చిన దారి చాలా పనికొస్తుంది. తప్పు అబద్ధమాడటంలో కన్నా, ఆ అబద్ధాన్ని ఎవరి ముందు ఆడుతున్నారన్నదానిలోనే ఎక్కువగా ఉందని నా వాదన.

పాత చెడుగుడులో గడియారానికి పెద్ద పని లేదు. దేశంలో ఈ ఆటకు మూడు పద్ధతులుండేవి. సంజీవనిలో ఎదుటివాడొకడు చస్తే మనవాడొకడు బతికి లోపలికొస్తాడు. గామినిలో చచ్చినవాడు తన జట్టంతా చచ్చేదాకా బయటే కూర్చోవాలి. అమర్‌లో ఎవరూ బయటికి పోరు, తాకినదానికల్లా పాయింటు రాసుకుంటారు. గామినికి కాలపరిమితే లేదు, ఎదుటి జట్టును ఇన్నిసార్లు పూర్తిగా ఖాళీ చేయాలన్నదే లెక్క. అలాంటి ఆటను సాగదీస్తే ఎవరికీ ఒరిగేదేమీ ఉండదు. ఆ తరువాత ఆట పల్లె నుంచి సంఘాల చేతిలోకి వెళ్లింది. 1918లో మహారాష్ట్రలో హుతూతూ పేరుతో నియమాలు కూర్చారు. 1923లో బరోడాలో జరిగిన అఖిల భారత పోటీ నాటికి అవి అచ్చయ్యాయి. 1950లో అఖిల భారత కబడ్డీ ఫెడరేషన్ ఏర్పడింది. 1952లో పురుషుల జాతీయ పోటీలు మద్రాసులో జరిగాయి, అప్పటికి ఈ మెట్ట పల్లెల నెల్లూరు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోనిదే. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల నాటికి కబడ్డీ పతకాల ఆట అయింది. పోటీలకు నిలిచింది సంజీవని పద్ధతి. జట్టుకు ఏడుగురు, మగవాళ్లకు 13 మీటర్ల పొడవు 10 మీటర్ల వెడల్పు బరి, 20 నిమిషాల చొప్పున రెండు సగాలు. ఆట ఇలా స్థిరపడటం మంచిదే, కాదనను. అయితే 40 నిమిషాలు అన్న హద్దు పడిన రోజునుంచే ఆధిక్యంలో ఉన్న జట్టుకు ఒక్కో నిమిషం గడిచిపోవడమూ లాభమే అయింది.

గడియారంతో పాటే దెబ్బ తగిలితే ఆట ఆపే నియమమూ వచ్చింది. రెఫరీ చెయ్యెత్తి ఆట ఆపుతాడు, పోయిన సమయాన్ని చివర కలుపుతాడు. కాగితం మీద ఎవరికీ నష్టం లేనట్టే కనిపిస్తుంది. కానీ బరిలో ఏం జరుగుతుందో చూడండి. ఒక జట్టులో ముగ్గురే మిగిలారు. అవతలి రైడర్లు, అంటే కూతకు వచ్చేవాళ్లు, ఊపు మీద ఉన్నారు, ఒకడు తిరిగొచ్చేలోపు ఇంకొకడు గీత దగ్గర సిద్ధం. ఇంకొక్క మంచి కూత పడితే ఆలౌటు, అదనంగా రెండు పాయింట్లు. సరిగ్గా అప్పుడు ముగ్గురిలో ఒకడు చీలమండ పట్టుకుని కూలబడతాడు. స్ప్రే డబ్బా వస్తుంది, నీళ్ల సీసా వస్తుంది, సీసాతో పాటు కోచ్ మాట కూడా మెల్లగా వచ్చి చేరుతుంది. మిగిలిన ఇద్దరూ నడుము మీద చేతులు పెట్టుకుని ఊపిరి కూడదీసుకుంటారు. రెఫరీ గడియారానికి ఆ నిమిషాలను తిరిగి ఇవ్వగలడు. అలిసిన జట్టుకు దొరికిన విశ్రాంతిని వెనక్కి తీసుకోలేడు, అవతలి జట్టు పోగొట్టుకున్న ఊపును తెచ్చి ఇవ్వనూలేడు. ఊపిరి మీద నిలిచిన ఆటలో ఊపిరిని ఇలా సంపాదించుకోవడం కన్నా పెద్ద దొంగతనం ఏముంటుంది?

ఈ ఎత్తుగడను బాగా వాడిన ఆటల్లో, దాని మీద బాగా తర్జనభర్జన పడిన ఆటల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఒకటి. మనం కాలితో ఆడే ఫుట్‌బాల్‌తో దానికి పోలిక తక్కువ. గుడ్డులాంటి బంతిని చేత్తో పట్టుకుని గజం గజం ముందుకు తోసుకెళ్లే ఆట అది. ప్రతి ఎత్తు ముగిశాక జట్లు గుమిగూడి మంతనాలాడుకుంటాయి, మనుషులను మార్చుకుంటాయి. 1953 నవంబరు 21న అయోవాతో ఆడిన నోటర్‌డామ్ జట్టు మొదటి సగం మరో 2 సెకన్లలో ముగుస్తుందనగా ఒక ఆటగాడు కేక వేసి పడిపోవడంతో గడియారాన్ని ఆపించుకుని స్కోరు చేసింది. ఆట చివర్లోనూ అదే పని చేసి 14–14తో ఓటమి తప్పించుకుంది. ఐరిష్ అన్న బిరుదున్న ఆ జట్టుకు జనం మూర్ఛపోయే ఐరిష్ అని పేరు పెట్టారు. అది తమ దాడికి సమయం చిక్కించుకోవడానికి పడటం. ఎదుటి దాడిని తుంచడానికి పడటం 1980ల చివర్లో పెద్ద వివాదమైంది. సిన్సినాటి బెంగాల్స్ కోచ్ శామ్ వైచ్ మంతనాలు మానేసి, ఎత్తు మీద ఎత్తు వేయించడం మొదలుపెట్టాడు. ఎదుటి జట్టుకు అలిసినవాళ్లను మార్చే వ్యవధి దొరకదు. 1988 సీజను ప్లేఆఫ్‌లో సియాటిల్ ఆటగాళ్లు పదేపదే నేలకొరిగారు. తరువాతి ప్రత్యర్థి బఫలో కోచ్ మార్వ్ లెవీ తమవాళ్లూ అదే చేయవచ్చని సూచించాడు. 1989 జనవరి 8న ఆట మొదలయ్యే రెండు గంటల ముందు లీగు అధికారులు వైచ్‌ను పిలిచి ఆ వేగాన్ని వాడొద్దన్నారు. నటిస్తామన్నవాళ్లను వదిలి వేగంగా ఆడేవాణ్ని కట్టడి చేశారన్నమాట. సిన్సినాటి ఆ ఆట 21–10తో గెలిచింది. తరువాతి ఏళ్లలో బఫలో తానే ఆ వేగాన్ని అలవాటు చేసుకుని లీగు ఫైనలైన సూపర్‌బౌల్‌కు వరుసగా నాలుగుసార్లు చేరింది.

నటనను వెనకేసుకొచ్చేవాళ్ల మొదటి మాట, ఆట అంటేనే ఏమార్చడం కదా అని. నిజమే. చెడుగుడులో రైడర్ ఎడమకు ఒరిగి కుడివైపు కాలు చాపుతాడు. పట్టు పట్టేవాడు వెనక్కి తగ్గుతున్నట్టు కనిపించి మోకాలి కిందికి దూకుతాడు. ఇదంతా ఏమార్పే, దాన్ని మెచ్చుకుంటాం కూడా. కానీ ఈ ఏమార్పులన్నీ ప్రత్యర్థి ముందు చేసేవి. వాటిని నమ్మకపోయే హక్కు అతనికి ఉంది, నమ్మకుండా ఉండటమే అతని నేర్పు. దెబ్బ నటించేవాడు ఎవరిని ఏమారుస్తున్నాడు? ప్రత్యర్థి నమ్మినా నమ్మకపోయినా అతనికి లెక్కలేదు. అతను ఏమార్చేది రెఫరీని, పరిగెత్తుకొచ్చే వైద్యుణ్ని. వాళ్లకు నమ్మకపోయే హక్కు లేదు. నేల మీద పడ్డవాణ్ని చూసి ఇది నాటకమేమో, కాసేపు చూద్దాం అనే రెఫరీ ఉంటే, పడ్డ పదిమందిలో తొమ్మిదిమందివి నాటకాలే అయినా పదోవాడి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆట ప్రతిసారీ ఆగుతుంది. నమ్మి తీరవలసినవాడి ముందు ఆడే అబద్ధం, అనుమానించే స్వేచ్ఛ ఉన్నవాడి ముందు ఆడే అబద్ధం ఒక తూకానికి రావు. పిల్లలకు కూడా ఈ తేడా తెలుసు. ఒంటికాలి ఆటలోనో దాగుడుమూతల్లోనో ఊరికే తూచ్ అంటూ ఆట ఆపించేవాణ్ని తొండి అంటారు, చురుగ్గా తప్పించుకున్నవాణ్ని అనరు.

దెబ్బ తగిలిందంటే ఆగుదాం అన్న ఒప్పందం రెండు జట్లకూ ఉమ్మడి సొత్తు. మెట్ట పల్లెల్లో ఊరి చెరువు లాంటిది, రాత్రిపూట ఒకడు తూము ఎత్తి తన మడికి పెట్టుకుంటే ఎండాకాలంలో ఎండేది అందరి పైరూ. ఇది ఊహ కాదనడానికి క్రికెట్‌లోనే సాక్ష్యం ఉంది. దెబ్బ తగిలిన బ్యాట్స్‌మన్‌కు బదులుగా పరిగెత్తడానికి ఒక రన్నర్‌ను అనుమతించే మర్యాద ఆ ఆటలో తరతరాలుగా ఉండేది. దెబ్బ లేకుండానే, అలసటకే రన్నర్‌ను తెచ్చుకుంటున్నారన్న అనుమానాలు ముదిరి 2011 అక్టోబరు 1 నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో ఆ సదుపాయాన్నే ఎత్తేశారు. ఆ తరువాత తొడ కండరం నిజంగా పట్టేసిన బ్యాట్స్‌మన్ కుంటుకుంటూ పరిగెత్తాలి, లేదా బయటికి పోవాలి. నటించినవాళ్లు తమ లాభం తాము తీసుకుని ఎప్పుడో ఆట మానేశారు. బాకీ చెల్లిస్తున్నది వాళ్ల ముఖం కూడా చూడని తరువాతి తరం.

మనకు ఇబ్బంది కలిగించే ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్. దక్షిణాఫ్రికా 30 బంతుల్లో 30 పరుగులు చేయాల్సిన దశకు వచ్చింది, క్లాసెన్ ఎడాపెడా బాదుతున్నాడు. అంతలో రిషభ్ పంత్ మోకాలికి పట్టీ కట్టించుకున్నాడు, ఆట కాసేపు ఆగింది. ఆట మళ్లీ మొదలవగానే హార్దిక్ పాండ్యా బంతికి క్లాసెన్ అవుటయ్యాడు. భారత్ 7 పరుగులతో గెలిచింది. ఆ విరామం ఆట వేగాన్ని తగ్గించడానికి పంత్ తెలివిగా చేసిన పని అని రోహిత్ శర్మ తరువాత ఒక టీవీ కార్యక్రమంలో చెప్పాడు. గెలుపుకు అదొక్కటే కారణం కాదనీ అన్నాడు. పంత్ మోకాలు 2022 డిసెంబరు కారు ప్రమాదంలో నిజంగానే దెబ్బతిన్నది. కాబట్టి అక్కడ నొప్పి ఎంత, యుక్తి ఎంత అని బయటివాళ్లం గీత గీయలేం. కానీ ఆ మాటకు చప్పట్లు కొట్టిన మనమే, ఆ ఫైనల్ జరిగిన వారంలోనే వాన ముసురుకుంటుండగా కోచ్ నిదానించమని సైగ చేయగానే స్లిప్‌లో కూలబడిన అఫ్ఘానిస్తాన్ ఆటగాడు గుల్బదిన్ నైబ్‌ను చూసి వెక్కిరించాం. వానకు ఆట ఆగితే గెలుపు తేల్చే డక్‌వర్త్ లూయిస్ లెక్కలో అప్పటికి అఫ్ఘానిస్తానే ముందుంది, బంగ్లాదేశ్ మీద గెలిచి సెమీఫైనల్‌కు వెళ్లింది. ఒకరిది యుక్తి, ఇంకొకరిది మోసం అని తేల్చడానికి మన జెండా తప్ప వేరే కొలత నాకు కనిపించదు. గెలిచిన ఆనందాన్ని వదులుకోమని అనడం లేదు. ఆ విరామాన్ని మాత్రం పిల్లలకు పాఠంగా చెప్పకూడదు.

రెండో ఆక్షేపణకు బలం ఎక్కువ. వేగంగా ఆడే జట్టు మనుషులను మార్చుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా, నియమాల్లోని సందును వాడుకుంటోంది. అలిసిపోయిన శరీరాలకే నిజమైన దెబ్బలు ఎక్కువ తగులుతాయి. అలాంటప్పుడు పడిపోవడం ఆత్మరక్షణ కాదా అంటారు. వేగం వల్ల ప్రమాదం ఉందన్న మాటను నేను తోసిపుచ్చను. కానీ దానికి మందు నియమంలో పెట్టవచ్చు, పెట్టారు కూడా. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడి చేసే జట్టు తన మనుషులను మారిస్తే ఎదుటి జట్టుకూ మార్చుకునే వ్యవధి ఇవ్వాలి. కబడ్డీలో ప్రతి సగంలో ఒక్కో జట్టుకు 30 సెకన్ల విరామాలు రెండు ఉన్నాయి, కారణం చెప్పకుండా అడిగి తీసుకోవచ్చు. వాటిని ముందే వాడేసుకుని మూడోదాన్ని చీలమండ పట్టుకుని తెచ్చుకునేవాడిది ఆత్మరక్షణ అనిపించుకోదు. ఇక వేగానికి ఎదురు నిలవడం అసాధ్యమేమీ కాదు. 2010 నవంబరు 13న అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో బర్కిలీలోని కాలిఫోర్నియా జట్టు, ఆ ఏడాది అందరినీ చిత్తుచేస్తున్న ఆరెగాన్‌ను 15 పాయింట్లకే కట్టేసి 13–15తో ఓడింది. ఆ రక్షణ గురించి ఇవాళ గొప్పగా చెప్పుకోవలసింది. కానీ ఆ ఆట పేరెత్తితే గుర్తొచ్చేది దెబ్బ నటన. నటించమని చెప్పింది తానేనని కోచ్ టోష్ లుపోయ్ ఒప్పుకున్నాడు, విశ్వవిద్యాలయం అతన్ని ఒక ఆటకు పక్కన పెట్టింది. శిక్ష చిన్నదే. అయినా అది పడాల్సిన మనిషి మీదే పడిందని నేననుకుంటాను. జట్టులో చోటు కోసం ఆశపడే పందొమ్మిదేళ్ల కుర్రాడు, పడిపో అన్న కోచ్‌కు ఎదురు చెప్పలేడు.

అసలు నాటకాన్ని పట్టుకునేదెవరు అన్నది మిగిలిన ప్రశ్న. పట్టుకోబోవడమే పొరపాటు అని నా అభిప్రాయం. ఎదుటివాడి నొప్పిని కొలిచే త్రాసు ఏ రెఫరీ దగ్గరా లేదు. నిజమా కాదా అని అడక్కుండా విరామానికి ఒక ధర కట్టడమే మేలు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ 2025లో ఆ దారి పట్టింది. బంతిని తరువాతి ఎత్తుకు నేల మీద పెట్టాక ఎవరైనా పడిపోయి వైద్యులు లోపలికొస్తే ఆ జట్టు విరామాల్లో ఒకటి కోసేస్తారు, విరామాలు మిగలకపోతే 5 గజాల జరిమానా. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ 2023–24లో, మైదానంలో వైద్యం చేయించుకున్న ఆటగాణ్ని 30 సెకన్లు బయట నిలబెట్టడం మొదలుపెట్టింది. కబడ్డీకి ఈ పద్ధతి కొత్త కాదు. ముందంజలో ఉన్న జట్టు రైడర్లు ఎవరినీ తాకకుండా ఊరికే వెళ్లి వచ్చి కాలం గడపడం ఈ ఆటకు పాత జబ్బు. దాన్ని మానండని బతిమాలలేదు, వాళ్ల మనసులో ఏముందని విచారించనూలేదు. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్‌ను చూసే ప్రతి ఊరి కుర్రాడికీ డూ ఆర్ డై రైడ్ అంటే తెలుసు. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడో కూతలో పాయింటు తేవాలి, లేకపోతే రైడర్ అవుట్. ఒక్క నియమంతో సోమరి కూత ఖరీదైపోయింది. పాత చెడుగుడులో ఊపిరి చేసిన పనినే ఈ నియమం చేస్తోంది. నిదానించవచ్చు, నిదానానికి మూల్యం నీదే.

ధర కడితే నిజంగా దెబ్బ తగిలినవాడు దాన్ని దాచుకుంటాడు కదా అనే ప్రశ్న నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. మన గర్వమంతా అలా దాచుకున్నవాళ్ల మీదే నిలబడి ఉంది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాతో ఆసియా క్రీడల ఫైనల్ ఆడిన భారత ఫుట్‌బాల్ జట్టుకు హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షకుడు. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను ఆయన రక్షణ వరుస నుంచి తెచ్చి ముందు వరుసలో ఆడించాడు. జర్నైల్ ఒక గోల్ కొట్టాడు, భారత్ 2–1తో స్వర్ణం గెలిచింది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీమ్ మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశాడు. ఆ తెగువకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఇవాళ ఏ వైద్యుడూ తల దెబ్బతో ఉన్నవాణ్ని ఆడించనివ్వడు, ఇవ్వకూడదు కూడా. 2019 నుంచి తల అదిరిన క్రికెటర్‌కు బదులు మరొకర్ని దించనిస్తున్నదీ అందుకే. కాబట్టి ధరను దెబ్బ తగిలిన మనిషి చోటుకు ముడిపెట్టకూడదు, జట్టుకు దొరికే విశ్రాంతికి ముడిపెట్టాలి. తల, మెడ దెబ్బలకూ, నెత్తురు కారే గాయాలకూ ఏ ధరా ఉండకూడదు.

సంక్రాంతికో తిరునాళ్లకో మట్టి బరి చదును చేసి, సున్నంతో గీతలు పోసి పోటీలు పెట్టే పల్లెల్లో వీడియో రెఫరీ ఉండడు, చాలాచోట్ల వైద్యుడూ ఉండడు. విజిల్ బడి డ్రిల్లు మాస్టారి చేతిలో ఉంటుంది. అక్కడ పాటించదగ్గ ఏర్పాటు పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఎవరైనా పడితే మాస్టారు వెంటనే, ఏమీ అడక్కుండా ఆట ఆపాలి. పడ్డవాణ్ని బయటికి తీసుకెళ్లి బదులు ఆటగాణ్ని దించాలి, రెండు వైపులా రెండేసి కూతలు అయ్యాకే అతను తిరిగి రావాలి. ఆగినంతసేపూ మిగతావాళ్లంతా తమ తమ చోట్లలోనే నిలబడాలి, కోచ్ గీత దగ్గరికి రాకూడదు, నీళ్ల సీసా పడ్డవాడికి తప్ప ఇంకెవరికీ అందకూడదు. ఒకే జట్టుకు ఒక సగంలో మూడోసారీ ఇలా జరిగితే దాని 30 సెకన్ల విరామాల్లో ఒకటి కోసేయాలి. ఈ నాలుగు ముక్కలూ టోర్నమెంటు కరపత్రంలో బహుమతుల పట్టిక కింద అచ్చువేయించి, ఆట మొదలయ్యే ముందు మైకులో ఒకసారి చదివితే సరిపోతుంది.